నీడకు రంగులు తొడిగే గింజ

“మా ఇంటి వెనకంతా నీడేనండీ, ఏం మొక్క పెట్టమంటారు?” అని ఏ నర్సరీలో అడిగినా చెయ్యి తిన్నగా మనీప్లాంటు వైపో, స్నేక్‌ప్లాంటు వైపో చూపిస్తుంది. ఇంకాస్త గుచ్చి అడిగితే ఓ ఫెర్న్ కుండీ బయటికి వస్తుంది. అన్నీ మంచి మొక్కలే, కాదనలేం. అయితే నీడ జాగా పచ్చదనంతోనే సరిపెట్టుకోవాలన్న మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, మన తోటల్లో బలంగా వేళ్ళూనుకుంది. వేపచెట్టు కింద, మేడ మెట్ల పక్కన, అపార్టుమెంటు కారిడార్ చివర, పొద్దున ఓ గంట ఎండ తొంగిచూసి పోయే చోట మల్లె పూయదు, గులాబి మొగ్గ తొడగదు. అలాంటి చోట ఆకులతోనే పూలతోటను మరిపించే మొక్క ఒకటుంది. అదే కోలియస్. ముదురు మెరూన్ ఆకుకు నిమ్మపచ్చ అంచు, మీగడ రంగు మీద ఎర్రటి ఈనెలు, రాగి రంగులో నల్లటి మచ్చలు, ఇన్ని రంగుల్లో పెరిగే మొక్క నీడలో ఇంకోటి లేదు.

కోలియస్ తెలియని వాళ్ళు తక్కువే. పక్కింటి గోడ మీంచి ఓ కొమ్మ తుంచుకొచ్చి సీసా నీళ్ళలో పెడితే వారం పది రోజుల్లో వేళ్ళు వస్తాయి. ఆ సులువే దానికి శాపమైంది. కొమ్మ నుంచి వచ్చిన మొక్క తల్లికి అచ్చు నకలు. ఒక వీధిలో ఓ ఎర్ర కోలియస్ ఉంటే పదేళ్ళయినా ఆ వీధంతా అదే ఎర్ర కోలియస్. గింజ కథ వేరు. ఒక చిన్న పొట్లంలోంచి వంద మొక్కలు లేస్తే, మిశ్రమ రకమైతే వాటిలో అచ్చంగా ఒకేలా ఉండే రెంటిని వెతికి పట్టుకోవడం కష్టం. ఆ వందలో ఏది ఏ రంగు తిరుగుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. ఏ తోటలోనూ లేని మొక్క తన పెరట్లో పుట్టడమన్నది గింజ వేసిన వాళ్ళకు మాత్రమే దక్కే భాగ్యం. కోలియస్‌ను గింజతో పెంచడం ఒక విద్య, అదీ చాలా గొప్ప విద్య.

మొక్క మనకు పరాయిదేమీ కాదు. కాండం రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే నలుపలకలుగా తగులుతుంది, తులసి కాండంలాగే. రెండూ ఒకే కుటుంబం. 1763లో లిన్నేయస్ దీన్ని తులసి ప్రజాతిలోనే చేర్చి ఓసిమమ్ స్కూటెల్లారియాయిడిస్ అని పేరు పెట్టాడు. ఇక మనం బజ్జీలు వేసుకునే వామాకు సాక్షాత్తూ కోలియసే, కోలియస్ ఆంబోయినికస్. అంటే చాలా తెలుగు ఇళ్ళలో ఈ రంగురంగుల మొక్కకు దగ్గరి చుట్టం ఎప్పుడో వంటింటి గుమ్మం పక్కకు చేరింది.

రంగుల కోలియస్ పుట్టిల్లు ఆగ్నేయాసియా అడవులు, అక్కడి నుంచి ఉత్తర ఆస్ట్రేలియా దాకా. జావాలోని బోయిటెన్‌జోర్గ్ తోటకు, అంటే నేటి బోగోర్ తోటకు, 1820ల్లో అధిపతిగా ఉన్న బ్లూమ్ అక్కడి మొక్కల్ని గ్రంథస్థం చేశాడు. ఆయన పేరు మీదే బెంథామ్ 1832లో దీన్ని కోలియస్ బ్లూమి అన్నాడు. ఆ తర్వాత పండితులు సోలెనోస్టెమన్ అన్నారు, ప్లెక్ట్రాంథస్ అన్నారు, 2019లో మళ్ళీ కోలియస్ దగ్గరికే వచ్చారు. తోటమాలులు మాత్రం అన్నాళ్ళూ కోలియస్ అనే పిలిచారు.

ఐరోపాకు చేరాక ఆ మొక్క రేపిన వెర్రి అంతా ఇంతా కాదు. లండన్ దగ్గర చిస్విక్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తోటలో బౌజ్ అనే తోటమాలి రెండు మూడు రకాల కోలియస్‌లను ఒకదానితో ఒకటి సంకరపరిచి, వచ్చిన గింజలు నాటి కొత్త రంగులు పుట్టించాడు. ఆ మొక్కల్ని 1868లో వేలం వేశారు. చెల్సీలో పేరుమోసిన నర్సరీదారు విలియం బుల్ లాంటి వాళ్ళు కొత్త రకాల్ని ఎగబడి జనంలోకి తెచ్చారు. విక్టోరియా కాలపు పార్కుల్లో తివాచీ పరిచినట్టు రంగు ఆకుల మళ్ళు వేసే వాడుకకు ఈ మొక్క ప్రాణం. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒక్కటే. బౌజ్ చేతిలో అద్భుతం జరిగింది గింజ వల్ల. కొమ్మలు గుచ్చుతూ కూర్చుంటే ఆ రంగులు పుట్టి ఉండేవి కావు.

ఇక పని దగ్గరికి వద్దాం.

కోలియస్ గింజ గసగసాలంత చిన్నది, ముదురు గోధుమ రంగులో నున్నగా మెరుస్తుంది. ఒక గ్రాముకు సుమారు 3,500 గింజలు తూగుతాయి. అంత చిన్న గింజలో తిండి నిల్వ దాదాపు ఉండదు, అందుకే లోతుగా పాతిపెడితే పైకి రాలేదు. పైగా మొలవడానికి దానికి వెలుతురు కావాలి. మన అలవాటు వేరు. బెండ గింజైనా, బంతి గింజైనా వేలితో గుంట చేసి మట్టి కప్పేస్తాం. కోలియస్ గింజ మీద మట్టి కప్పితే పొట్లం మొత్తం దండగ. “గింజలు మొలవలేదండీ, మోసం” అని చెప్పే పదిమందిలో చాలామంది చేసిన పొరపాటు ఇదే.

చేయి తిరిగిన వాళ్ళు ఇలా చేస్తారు. జల్లించిన కోకోపిట్‌లో మెత్తటి వర్మికంపోస్టు కొద్దిగా కలిపి, వెడల్పాటి ట్రేలో నింపి, అరచేత్తో చదును చేస్తారు. మరిగే నీళ్ళు దాని మీద పోసి చల్లారనిస్తారు, లోపల ఉన్న బూజు, పురుగు గుడ్లు పోవడానికి. గింజల్ని పిడికెడు పొడి ఇసకతో కలిపి, మడిచిన కాగితం అంచు మీంచి వేలితో మెల్లగా తడుతూ వరసగా రాలుస్తారు. ఆ పైన చదునైన చెక్కముక్కతో ఒక్కసారి అదిమి వదిలేస్తారు. గింజ తడికి తగలాలి, వెలుతురూ చూడాలి, అంతే. ట్రే మీద గాజుపలకో పారదర్శకమైన పాలిథిన్ కాగితమో కప్పి, నేరుగా ఎండ పడని వెలుతురులో పెడతారు. ఉష్ణోగ్రత 21 నుంచి 24 డిగ్రీలుంటే హాయిగా మొలుస్తుంది. కోస్తాలోనూ తెలంగాణలోనూ హస్త, చిత్త కార్తెలు దాటాక ఆ వాతావరణం వస్తుంది. రోహిణి కార్తెలో వేస్తే మొలక ఉడికిపోతుంది. వానాకాలంలో వేసుకోవచ్చు గానీ నారుకుళ్ళు కాచుకుని ఉంటుంది.

పైనుంచి చెంబుతో నీళ్ళు పోయకూడదు. గింజలన్నీ ఓ మూలకు కొట్టుకుపోతాయి. ట్రేనే ఓ వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళల్లో పెడితే అడుగునుంచి తేమ తానే పైకి పీల్చుకుంటుంది. పై పొర తడిసి రంగు మారిందని కనిపించగానే తీసేయాలి.

వారం నుంచి రెండు వారాల్లో పచ్చటి చుక్కలు లేస్తాయి. మొదటి రెండు ఆకులూ, అంటే బీజదళాలు, అన్ని మొలకల్లోనూ దాదాపు ఒకే పచ్చగా ఉంటాయి. కొత్తవాళ్ళు నిరాశపడేది ఇక్కడే. “రంగుల పొట్లం కొంటే అన్నీ పచ్చగా వచ్చాయి” అంటారు. ఓపిక పట్టాలి. అసలు ఆకుల మొదటి జత విచ్చుకునేసరికి ఓ మొలక ఈనెల్లో ఎరుపు పాకుతుంది, పక్కదాని అంచు పసుపు తిరుగుతుంది, ఇంకోటి ఆకు మధ్యలో మెరూన్ మచ్చ వేసుకుంటుంది. రెండో జత నాటికి ఎవరి రంగు వాళ్ళు చూపిస్తారు. పొద్దున్నే కళ్ళద్దాలు పెట్టుకుని ట్రే మీదకు వంగి, నిన్న పచ్చగా ఉన్న మొలకలో ఈరోజు గులాబి గీత కనిపెట్టిన వాళ్ళ ముఖం చూడాలి. అంత సంతోషం రెడీమేడ్ కుండీ కొన్న వాళ్ళ ముఖంలో ఎన్నడూ కనిపించదు.

నారు విడదీయడం దగ్గర అసలు పనితనం బయటపడుతుంది. రెండు జతల ఆకులు రాగానే పుల్లతోనో, పళ్ళు కుట్టుకునే టూత్‌పిక్‌తోనో వేరు కింద నుంచి మెల్లగా లేపాలి. మొలకను పట్టుకోవాల్సింది ఆకుతో. కాండం పట్టుకుంటే మన వేళ్ళ ఒత్తిడికే లోపల నలిగిపోతుంది, మర్నాటికి ఒరిగిపోతుంది. ఒక ఆకు పోతే ఇంకోటి వస్తుంది, కాండం నలిగితే మొక్కే లేదు. గోదావరి సీమలోని కడియం నర్సరీల్లో పాలిథిన్ కవర్ల ముందు కూర్చుని నారు నాటే ఆడవాళ్ళ చేతుల్ని చూస్తే ఈ మర్మం తెలుస్తుంది. బొటనవేలు, చూపుడువేలు ఆకు కొసను తాకీ తాకనట్టు పట్టుకుంటాయి, ఇంకో చేతి పుల్ల గుంట చేస్తుంది, మొలక అందులోకి దిగుతుంది, చిటికెనవేలు మట్టి సర్దుతుంది. ఆ వేగంలో ఒక్క వేరు తెగదు. ఏ కాలేజీలోనూ ఇంత మెలకువ నేర్పరు.

ఇక్కడే పాతకాలపు తోటమాలులు చెప్పే ఒక మాట ఉంది. దీన్ని పాటించని వాళ్ళ తోటలో మంచి కోలియస్ ఎన్నటికీ పుట్టదు. నారులో బలంగా, గబగబా ఎదిగిన మొలకల్ని ఏరుకుని, గిడసబారి ఉన్న చిన్నవాటిని పారేయడం మన రైతు అలవాటు. వంగనారుకైతే అదే సరైన పద్ధతి. కోలియస్ విషయంలో అది ఘోరమైన పొరపాటు. గబగబా పెరిగేవాటిలో పత్రహరితం దండిగా ఉంటుంది, అందుకే అవి అంత బలంగా ఉంటాయి, అందుకే అవి పచ్చగానూ ఉంటాయి. మీగడ రంగు, లేత గులాబి, పసుపు ఎక్కువగా ఉన్న ఆకులో పత్రహరితం తక్కువ. తిండి తయారీ తక్కువ కాబట్టి మొలక ఆలస్యంగా ఎదుగుతుంది. తోటకు మణిపూసలాంటి మొక్క చాలాసార్లు ఆ గిడసబారిన మొలకల్లోనే ఉంటుంది. ఆఖరి మొలకదాకా రంగు చూసి గానీ పారేయకూడదు.

నీడ అన్నామని చీకటి గదిలో పెట్టేయడం కాదు. నీడలో రకాలున్నాయి. వేపచెట్టు నీడ పలచన, గాలికి కదిలే ఆకుల సందుల్లోంచి వెలుతురు జల్లులా పడుతుంది. కోలియస్‌కు అంతకన్నా మంచి చోటు లేదు. మామిడి నీడ చిక్కన. అందులో కోలియస్ బతుకుతుంది గానీ కణుపుల మధ్య దూరం పెరిగి సన్నగా సాగిపోతుంది, ఎరుపు వెలిసి గోధుమ పచ్చగా దిగిపోతుంది. పైగా మామిడి వేర్లు తేమ మొత్తం లాగేసుకుంటాయి. అక్కడ నేలలో నాటే కన్నా కుండీలో పెట్టడమే మేలు. తూర్పు గోడ పక్క బాగుంటుంది, లేత ఎండ రెండు గంటలు పడి తప్పుకుంటుంది. పడమటి ఎండ తగిలే బాల్కనీ అయితే గ్రీన్ నెట్ కట్టక తప్పదు. మధ్యాహ్నం మూడింటి ఎండకు మీగడ రంగు ఆకులు అంచుల దగ్గర కాగితంలా ఎండిపోతాయి.

రంగు ఎంపికలోనూ తెలివి కావాలి. చాలామంది నల్లటి మెరూన్ రకాల వెంటపడతారు. బ్లాక్ డ్రాగన్ అనే రకం చూస్తే ఎవరికైనా మనసు పడుతుంది. ముడతలు పడ్డ ఆకు, నలుపుకు దగ్గరైన అంచు, మధ్యలో ముదురెరుపు. అయితే నీడ మూలలో నల్లటి మొక్క పెడితే అది పది అడుగుల దూరం నుంచి కనిపించనే కనిపించదు. చీకటి మూలకు నిమ్మపచ్చ, పసుపు, మీగడ రంగు ఆకులు కావాలి. ఆ మూలలో దీపం పెట్టినట్టు వెలుగుతాయి. వాటి ముందు నల్లటిది పెడితే అప్పుడు దాని అందం తెలుస్తుంది. విజార్డ్ వరసలో జేడ్ అనే రకం ఉంది, మధ్యలో తెల్లదనం, చుట్టూ పచ్చ అంచు. నీడకు అంత నప్పే గింజ రకం దొరకడం కష్టం.

నత్రజని ఎరువు దండిగా వేస్తే రంగు పోయి ఆకు పచ్చబడుతుంది. ఇది గుర్తుంచుకోవాలి. మాగిన పశువుల ఎరువు గుప్పెడు, అప్పుడప్పుడూ పలచగా చేసిన ద్రావణం చాలు. మొక్క జానెడు ఎత్తుకు రాగానే తల తుంచాలి. ఆకులు జంటలుగా ఎదురెదురుగా వస్తాయి కాబట్టి తుంచిన చోట రెండు కొమ్మలు లేస్తాయి. ఆ రెంటినీ మళ్ళీ తుంచితే నాలుగు. ఇలా తుంచుతూ పోయిన వాళ్ళ కుండీలో మట్టి కనిపించదు. ఇంగ్లండులో ప్రదర్శనలకు దీన్నే గోపురం ఆకారంలో, ఒంటి కాండం మీద గుండ్రటి తలతో చిన్న చెట్టులా తీర్చిదిద్దే ఘనులున్నారు. నెలల తరబడి ప్రతి చిగురునూ చూసుకుంటూ చేసే పని అది.

గింజ మొక్కల మీద ఉన్న ఫిర్యాదు ఒకటి ఒప్పుకోవాలి. కొమ్మతో పెంచే కొత్త రకాల కన్నా ఇవి త్వరగా కంకి వేస్తాయి. కంకి వేస్తే ఆకు చిన్నదైపోతుంది, మొక్క అలసిపోతుంది. దీన్ని పట్టుకుని “గింజ కోలియస్ రెండో రకం సరుకు” అని తీసిపారేసే వాళ్ళున్నారు. కంకి కనిపించగానే గోరుతో గిల్లితే తీరిపోయే ఇబ్బందికి ఇంత పెద్ద మాట అక్కర్లేదు.

అమెరికాలో 1990ల నుంచి కథ ఎండ వైపు తిరిగింది. ఫ్లోరిడాలో జార్జ్ గ్రిఫిత్ సోలార్ వరస రకాలతో ఎండకు తట్టుకునే కోలియస్‌కు పేరు తెచ్చాడు. అదే రాష్ట్రంలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్లార్క్ వేల సంఖ్యలో నారు మొక్కలు పెంచి, వాటిలోంచి ఏరిన కొద్దింటిని కొమ్మ రకాలుగా విడుదల చేశాడు. గొప్ప పని, చేతులెత్తి మొక్కాలి. అయితే ఎండ రకాల సంబరంలో జనం మరిచిపోతున్నదేమిటంటే, ఆ కొమ్మ రకాల్లో చాలావరకు ఒకప్పుడు గింజ నుంచి లేచిన మొలకలే. గింజ వేసి ఏరేవాడు లేకపోతే కొమ్మ గుచ్చేవాడికి గుచ్చడానికి కొత్త కొమ్మ ఉండదు.

నీడ పక్షాన గింజ సాధించిన విజయం చూడాలంటే కాంగ్ వరసను చూడాలి. పేరుకు తగ్గట్టే పెద్ద ఆకులు, అరచేతిని మించి పరుచుకుంటాయి. నీడ కోసమే పుట్టిన రకం, ఎండ తగిలితే వాడిపోతుంది. కాంగ్ రోజ్ ఆకులో గులాబి మధ్యభాగం చుట్టూ మెరూన్, దాని చుట్టూ పచ్చ అంచు. కాంగ్ మొజాయిక్‌లో ఒక ఆకు ఇంకో ఆకులా ఉండదు, ఒకే మొక్క మీద. ఇంత పని ఒక గింజలో పెట్టి పంపడం మామూలు సంగతి కాదు. ఎర్ర, స్కార్లెట్, సాల్మన్ ఇలా రంగు రంగుకీ విడి పొట్లం దొరుకుతుంది, చాలావరకు చెప్పిన రంగే వస్తుంది. తరతరాలు ఏరి ఏరి నిలబెట్టిన ఫలం అది.

శాస్త్రవేత్తలకూ ఈ మొక్కంటే ఇష్టమే. అమెరికాలో డి.సి. రైఫ్ దీని ఆకుల రంగులు, అంచులు ఎలా సంక్రమిస్తాయో ఏళ్ళ తరబడి పరిశీలించాడు. ఆకు అంచు లోతుగా తెగి ఉండటం ప్రబల లక్షణమన్న లెక్క జన్యుశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో అభ్యాస ప్రశ్నగా వస్తుంది. డిగ్రీ విద్యార్థి కాగితం మీద వేసే ఆ లెక్కను పెరట్లో ట్రే వేసిన గృహిణి కళ్ళారా చూస్తుంది.

కోలియస్ చేయి వచ్చాక మరో రెంటి జోలికి వెళ్ళొచ్చు. హైపోయెస్టిస్, మడగాస్కర్ నుంచి వచ్చింది, మన కనకాంబరం కుటుంబమే. ఆకుల మీద గులాబి, తెలుపు, ఎరుపు చుక్కలు చల్లినట్టుంటాయి. కోలియస్ కన్నా సులువు, అసలు ఆకుల మొదటి జతలోనే చుక్కలు కనిపిస్తాయి. రెండోది రెక్స్ బిగోనియా. ఇది మనదే, అస్సాంది. 1850ల్లో అక్కడి నుంచి బెల్జియం వెళ్ళి, లిండెన్ నర్సరీలో రాజభోగం అనుభవించింది. ఇవాళ ప్రపంచమంతా పెంచే వెండి మెరుపు ఆకుల బిగోనియాలకు అదే మూలపుటమ్మ. దాని గింజ దుమ్ము. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. ఆకుముక్కతో పెంచడం తేలిక, కానీ కొత్త రూపం కావాలంటే ఆ దుమ్మే చల్లాలి, నెలల తరబడి గాజు కప్పు కింద కాపాడాలి. మన ఈశాన్యపు అడవి మొక్కను విదేశీయులు అంత శ్రద్ధగా సంకరపరిచి మనకే తిరిగి అమ్ముతుంటే, మనవాళ్ళు దాన్ని ‘ఫారిన్ మొక్క’ అని కొనుక్కుంటున్నారు. కడుపు మండే విషయం.

అంతకన్నా మండే విషయం ఇంకోటి. ఆన్‌లైన్ అమ్మకాల్లో “అరుదైన నీలి కోలియస్ గింజలు” అని ఫొటోలు పెడుతున్నారు. ఇంద్రధనుస్సులో ఏడు రంగులూ ఒక్క ఆకులో, నెమలికంఠం రంగు బిగోనియా, నియాన్ పచ్చ అంచుల నల్ల కాలేడియం. అన్నీ కంప్యూటర్లో రంగు పూసిన బొమ్మలు. కోలియస్ ఆకుకు రంగునిచ్చేవి పత్రహరితం, పసుపు వర్ణకాలు, ఎరుపూ ఊదా తెచ్చే ఆంథోసయానిన్లు. వీటి కలయికలో బొమ్మలోలాంటి ఆకాశనీలం పుట్టదు. ఆ పొట్లం కొన్న వాళ్ళకు మొలిచేది ఏదో కలుపు మొక్క, లేకపోతే ఏదీ మొలవదు. డబ్బు పోయిందని కాదు బాధ. మొదటిసారి గింజ పట్టుకున్న మనిషి “నా చెయ్యి మంచిది కాదు, నాకు గింజలు రావు” అని ఇక జన్మలో ట్రే ముట్టుకోరు. ఒక అబద్ధపు ఫొటో ఒక తోటమాలిని మొలకలోనే తుంచేస్తోంది. ఇలాంటి అమ్మకాలను అడ్డుకునే బాధ్యత ఎవరిదైతే వాళ్ళు మేలుకోవాలి.

ఇక ఫంక్షన్ హాళ్ళు, షోరూములు, ఆఖరికి ఇళ్ళ బాల్కనీల్లోనూ ప్లాస్టిక్ ఆకుల గోడలు లేస్తున్నాయి. “నీళ్ళు పోయనక్కర్లేదు, ఎప్పుడూ ఒకేలా ఉంటాయి” అని గొప్పగా చెబుతారు. ఎప్పుడూ ఒకేలా ఉండే ఆకును తోట అనడం తోటకు అవమానం. ఏడాది తిరిగేసరికి దుమ్ము పట్టి, ఎండకు వెలిసి, చెత్తబండి ఎక్కే ఆ సరుకు ఖరీదులో పదో వంతుతో నీడ గోడంతా కోలియస్‌తో నింపొచ్చు.

తెగుళ్ళ మాటా చెప్పాలి. పిండినల్లి మనకు పాత శత్రువే, వేపనూనె కలిపిన నీళ్ళతో ఆకు అడుగున తుడిస్తే తగ్గుతుంది. బూజు తెగులు కోలియస్ మీద 2005లో అమెరికాలో బయటపడి అక్కడి నర్సరీలను బాగా ఇబ్బంది పెట్టింది. ఆకుల మీద రాత్రంతా తడి నిలవకుండా చూడటం, మొక్కకూ మొక్కకూ మధ్య గాలి ఆడనివ్వడం ముందు జాగ్రత్త. అచ్చు ఒకే నకళ్ళతో నిండిన మడిలో ఒకదానికి తట్టుకునే శక్తి లేకపోతే ఏ ఒక్కదానికీ ఉండదు. గింజ మడిలో ఎంతో కొంత వైవిధ్యం ఉంటుంది.

తెలుగునాట ఈ విద్యను నిలబెట్టగల చోటు కడియం. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి ఊళ్ళ పేర్లు వింటే మొక్కల ప్రేమికుల మనసు అటే పోతుంది. పల్లా వెంకన్న లాంటి వాళ్ళు నర్సరీ అంటే ఏమిటో తెలుగువాళ్ళకు నేర్పిన నేల అది. గోదావరి నీరు, లంక మట్టి, తరాలుగా వచ్చిన చేతివాటం అన్నీ అక్కడే ఉన్నాయి. ఉన్న నాలుగు కోలియస్ రకాల కొమ్మల్నే ఏటా గుచ్చి లారీలకెక్కించే బదులు, ప్రతి నర్సరీ షేడ్‌నెట్ కింద ఒక్క వరస గింజ కోలియస్‌కు కేటాయిస్తే, పదేళ్ళలో కడియం పేరుతో కొత్త రకాలు పుట్టవా? బౌజ్‌కు ఉన్నదేమిటి, కడియం వాళ్ళకు లేనిదేమిటి? చలిదేశంలో గాజు ఇల్లు కట్టి, బొగ్గు కాల్చి వెచ్చదనం పుట్టించి ఆయన చేసిన పని, మనకు కార్తీక మాసంలో ఆరుబయట అవుతుంది.

హైదరాబాద్ పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా పెట్టేవారికీ, ఊరూరా పూల ప్రదర్శనలు నిర్వహించే సంఘాలకూ ఒక విన్నపం. గులాబీకి ఒక బహుమతి, చామంతికి ఒక బహుమతి ఇస్తున్నట్టే, సొంతంగా గింజ వేసి పెంచిన నీడ ఆకుల మొక్కకు విడిగా ఒక విభాగం పెట్టండి. కొని తెచ్చిన కుండీని పక్కన పెట్టి, ట్రేలోంచి పెంచిన మొక్కను ముందు వరసలో నిలబెట్టండి. బహుమతి చిన్నదైనా ఫరవాలేదు.

పెరట్లో పెంచేవాళ్ళు ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. తమకు నచ్చిన మొక్క ఒకదాని కంకిని మాత్రం గిల్లకుండా వదిలేయాలి. చిన్న చిన్న ఊదా నీలం పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి, పెరటి తేనెటీగలు వాటి పని అవి చేసుకుంటాయి. పక్కపక్కన రెండు మూడు రంగుల మొక్కలుంటే సంకరం దానంతటదే జరుగుతుంది. పువ్వు రాలాక మిగిలే చిన్న గిన్నెలో నాలుగు గింజల దాకా ఉంటాయి. కింది గిన్నెలు గోధుమ రంగు తిరగ్గానే గింజలు రాలడం మొదలవుతుంది, అందుకే పలచటి గుడ్డ సంచి ఒకటి కంకికి తొడిగి దారంతో వదులుగా కట్టాలి. పది పదిహేను రోజులకు కంకి కోసి, తెల్ల కాగితం మీద దులిపి, పొట్టు ఊదేసి, మెరిసే గింజల్ని కాగితపు పొట్లంలో కట్టి, తేమ తగలని గాజు సీసాలో దాచాలి. పొట్లం మీద తల్లిమొక్క రంగు, కోసిన నెల రాయడం మరవకూడదు. మళ్ళీ హస్త కార్తె వచ్చేనాటికి ఆ గింజలు చల్లడానికి సిద్ధంగా ఉంటాయి.